మా కోడలి గోత్రం

శ్రావణమాసం వచ్చిందంటే మా ఇంట్లో నా పడక కుర్చీకి స్థానచలనం తప్పదు. సంవత్సరం పొడుగునా హాల్లో కిటికీ పక్కన రాజ్యమేలే ఆ కుర్చీ, వరలక్ష్మీ వ్రతం నాడు మాత్రం పెరటి వసారాలోకి పోతుంది. దాని వెనకాలే నేనూ పోతాను. పేరంటాళ్ళ మధ్య మగవాడికేం పని? అక్కణ్ణించి పూజ కనిపించదు గానీ వినిపిస్తుంది. శనగల వాయనం ఎవరికి అందిందో, ఎవరికి అందలేదో కూడా వినిపిస్తుంది.

నిరుడు అలా వసారాలో కూచుని విన్న ఒక మాటే ఈ వ్యాసానికి మూలం.

పురోహితుడు గారు సంకల్పం చెబుతూ గోత్రం దగ్గర ఆగారు. పీట మీద కూచున్నది మా కోడలు. మా ఆవిడ చప్పున అందుకుని మా గోత్రం చెప్పింది. పెళ్ళయ్యాక ఆడపిల్లకి అత్తింటి గోత్రమే గదా. వ్యవహారం అక్కడితో తెమిలిపోయేదే. కానీ పక్కింటి పిన్నిగారికి వంశవృక్షాలంటే మహా సరదా. "పుట్టింటి గోత్రం ఏమిటే అమ్మాయ్?" అని అడిగారు.

"మా పుట్టింట్లో గోత్రాలు లేవండీ పిన్నిగారూ. మేం లూథరన్లం" అంది మా కోడలు ఎంతో మర్యాదగా.

పిన్నిగారు ఒక్క క్షణం ఆలోచించి, "అలాగా! అంటే వైదికులా, నియోగులా?" అన్నారు.

నేను నవ్వాపుకోలేక కండువా నోట్లో కుక్కుకున్నాను. లోపల మాత్రం ఎవరూ నవ్వలేదు. కాస్సేపు గాజుల చప్పుడు కూడా వినిపించలేదు. తర్వాత పురోహితుడు గారు గొంతు సవరించుకుని సంకల్పం పూర్తి చేశారు.

ఆ సాయంత్రం అమ్మవారికి నైవేద్యం పెట్టిన ఆపిల్ పండు కోసి, పళ్ళెంలో పెట్టుకుని నా దగ్గరికొచ్చింది మా కోడలు. పళ్ళెం ఇచ్చి వెళ్ళిపోలేదు. గడప మీద కూచోబోయి, మళ్ళీ అత్తగారు చూస్తే కోప్పడుతుందని గుర్తొచ్చి, పక్కనున్న పీట లాక్కుని కూచుంది.

"మావయ్యగారూ, ఒకటి అడుగుతాను. ఏం చేస్తే హిందువులవుతారు?"

ముప్పయ్యేళ్ళు కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. పానిపట్టు యుద్ధాలు ఎన్నో, ఎందుకో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఈ ప్రశ్నకి మాత్రం నోట్లో ఆపిల్ ముక్క అలాగే ఉండిపోయింది.

"మా చర్చిలో రిజిస్టరుందండీ" అంది. "అందులో నా బాప్తిస్మం తేదీ ఉంది. మా అమ్మది, మా తాతయ్యది కూడా ఉన్నాయి. ఎప్పణ్ణించి లోపల ఉన్నామో కాగితం మీద ఉంది. మీ దాంట్లో ఆ రిజిస్టరెక్కడ?"

నేను మాట్లాడలేదు. తనే మళ్ళీ అంది: "ఇవాళ పీట మీద కూచుంటే నాకు బాగానే ఉంది. ఎవరో బలవంతం చేస్తే కూచోలేదు. ఆ బాగుండటం చూసే భయం వేసింది. మా అమ్మ దగ్గర ఏదో దొంగతనం చేస్తున్నట్టుంది. మళ్ళీ ఆదివారం అమ్మ పక్కన నిలబడి పాటలు పాడుతుంటే, అత్తయ్యగారి దగ్గర ఏదో దాస్తున్నట్టుంటుంది. నేను ఎక్కడ ఉన్నానో నాకు తెలియాలి గదండీ."

ఆ అమ్మాయిది గుంటూరు. జర్మనీలో పుట్టి అమెరికా మిషను తరఫున వచ్చిన ఫాదర్ హయ్యరు గుంటూరులో అడుగుపెట్టింది 1842లో. ఆ తర్వాత కొద్దికాలానికే వాళ్ళ పూర్వీకులు ఆ సంఘంలో చేరారట. అంటే మా వంశంలో ఎవరెప్పుడు పుట్టారో మాకు తెలియదు గానీ, వాళ్ళకి తెలుసు. పెళ్ళి రిజిస్ట్రారాఫీసులో, 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద జరిగింది. ఆ చట్టం కింద ఎవరి మతం వాళ్ళదే, ఎవరూ మారనక్కర్లేదు. పేచీ లేని ఏర్పాటని మేమందరం సంతోషించాం. చట్టానికి పేచీ లేకపోతే మనసుకీ ఉండదనుకోవడం మా పొరపాటు.

"నాలుగు రోజులు గడువియ్యి తల్లీ" అన్నాను. అటకమీది పుస్తకాల దుమ్ము దులిపాను. పాఠక మహాశయులు నవ్వకండి. ఇంట్లో వాళ్ళు మనసు విప్పి అడిగిన ప్రశ్నకి పుస్తకాలు వెతకడం మాస్టార్ల జబ్బు.

వెతగ్గా మొదట దొరికినవాడు గ్రీకువాడు. పేరు హెలియోడోరస్. తక్షశిల నుంచి యవన రాజు పంపిన రాయబారి. క్రీస్తు పుట్టడానికి వందేళ్ళకి పైగా ముందే మధ్యప్రదేశ్‌లోని విదిశ దగ్గర బేస్‌నగర్‌లో వాసుదేవుడికి గరుడధ్వజం ఎత్తించాడు. దాని మీద తాను భాగవతుణ్ణని ప్రాకృతంలో చెక్కించుకున్నాడు. తర్వాత్తర్వాత ఊళ్ళోవాళ్ళు ఆ స్తంభాన్నే దేవుడనుకుని సిందూరం పూసి పూసి అక్షరాలు కనబడకుండా చేశారు. 1877లో కన్నింగ్‌హామ్ దొర వచ్చి స్తంభాన్ని చూశాడు గానీ, సిందూరం కింద ఏముందో ఆయనకి తెలియలేదు. 20వ శతాబ్దం మొదట్లో ఆ పూత తీస్తే గ్రీకు భక్తుడు బయటపడ్డాడు.

ఈ హెలియోడోరస్‌ని ఎవరు చేర్చుకున్నారు? ఏ మంత్రం చదివారు? శాసనంలో ఆ మాట లేదు. తాను భాగవతుణ్ణన్నాడు, అంతే. అప్పట్లో అది సరిపోయినట్టుంది.

మరి తర్వాత? తర్వాత మనవాళ్ళు తలుపు మీద కంటే వంటింటి మీద ఎక్కువ కాపలా పెట్టారు. నువ్వేం నమ్ముతావన్నది ఎవరూ అడగలేదు. దేవుడున్నాడన్నా లేడన్నా ఇంట్లోనే ఉండనిచ్చారు. ఎవరి చేతి నీళ్ళు తాగుతావు, ఎవరి పక్కన కూచుని తింటావు, పిల్లనెవరికిస్తావు అన్నవే ప్రశ్నలు. ఎవరైనా బలవంతాన బయటికి పోతే తిరిగి రావడానికి దేవల స్మృతిలో ప్రాయశ్చిత్తాలు ఉన్నాయి. మొదటిసారి వచ్చేవాడు మాత్రం ఏ కులం పంక్తిలో కూచుంటాడు? పంక్తి దొరక్కపోతే ఇంట్లో చోటు లేనట్టే. 1875లో బొంబాయిలో స్వామి దయానందుడు ఆర్యసమాజం పెట్టాక, ఆ సమాజం వాళ్ళు శుద్ధి అనే సంస్కారాన్ని చేపట్టి బయటివాళ్ళకి దారి తీశారు. అది అందరికీ రుచించలేదు.

ఇది రాస్తుంటే మా మామ్మ గుర్తొస్తోంది. చిన్నప్పుడు మా ఊళ్ళో నాకు చదువు చెప్పిన మాస్టారొకాయన క్రైస్తవుడు. అక్బరు గురించి ఆయన చెబుతుంటే, పక్క క్లాసు పిల్లలు కూడా కిటికీల దగ్గర నిలబడేవాళ్ళు. ఒకసారి నాకు జ్వరమొస్తే చూడ్డానికి ఇంటికొచ్చారు. మామ్మ అరుగు మీద చాప వేసి, దొన్నెలో మజ్జిగ పోసింది. ఆదరంగానే మాట్లాడింది. ఆయన వీధి మలుపు తిరిగాక, దొన్నె దూరంగా పారేయించి, ఆయన కూచున్న చోట పేడనీళ్ళు చల్లింది. సరిగ్గా అప్పుడే, మర్చిపోయిన గొడుగు కోసం ఆయన వెనక్కొచ్చారు. చూశారు. గొడుగు తీసుకుని, "జ్వరం తగ్గాకే బళ్ళోకి రా నాయనా" అని చెప్పి వెళ్ళిపోయారు. మర్నాడూ అలాగే పాఠం చెప్పారు. చరిత్ర మీద నాకు ఇష్టం కలిగించింది ఆయనే. ఈ సంగతి ఇన్నేళ్ళూ నేను ఎవరికీ చెప్పలేదు. మా కోడలికీ చెప్పలేదు. ఇప్పుడిలా అచ్చులో చూసుకుంటుంది కాబోలు.

అదలా ఉంచి చరిత్రలోకొద్దాం.

1898 జనవరిలో కలకత్తా రేవులో ఓడ దిగింది మార్గరెట్ నోబుల్. ఐర్లండులో పుట్టింది. తండ్రీ తాతా కూడా క్రైస్తవ ఫాదరీలే. 1895లో లండన్లో వివేకానందస్వామి మాటలు విన్నది మొదలు ఆవిడకి నిద్ర పట్టలేదు. స్వామి మాత్రం ఏమీ ఊరించలేదు. ఇక్కడ ఎండలు ఎలా ఉంటాయో, దరిద్రం ఎలా ఉంటుందో, మనవాళ్ళ మూఢాచారాలూ అంటూసొంటూ ఎలా ఉంటాయో, తెల్లవాళ్ళు నిన్ను ఎలా వెలివేస్తారో అన్నీ ముందుగానే ఉత్తరంలో రాశారు. పిల్లనిచ్చేవాళ్ళు కూడా తమ ఇంటి లోపాలు అంత విప్పి చెప్పరు. అయినా వచ్చింది. మార్చి 25న స్వామి ఆవిడకి బ్రహ్మచర్య దీక్ష ఇచ్చి నివేదిత అని పేరు పెట్టారు. ఆ రోజు మొదట శివపూజ చేయించి, చివరికి బుద్ధుడి పాదాల దగ్గర పూలు పెట్టించారు.

దీక్ష అంటే మనందరికీ ఆ 25వ తేదీయే గుర్తుంటుంది. నన్నడిగితే అంతకు ఎనిమిది రోజుల ముందు, మార్చి 17న జరిగింది అంతకంటె పెద్ద సంగతి. ఆ రోజు మార్గరెట్టూ, మరిద్దరు అమెరికన్ స్త్రీలూ కలిసి శారదాదేవి దర్శనానికి వెళ్ళారు. శారదాదేవి పల్లెటూళ్ళో పుట్టిన బ్రాహ్మణ వితంతువు. ఆ కాలంలో ఆ స్థితిలో ఉన్న స్త్రీకి ఎన్ని నియమాలో, మా మామ్మ తరాన్ని చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆవిడ ఆ ముగ్గురు దొరసానుల్నీ అమ్మాయీ అని పిలిచి, దగ్గర కూచోబెట్టుకుని, వాళ్ళతో కలిసి తింది. ఆ వార్త విని వివేకానందుడంతటి వాడు ఆశ్చర్యపోయి సోదర సన్యాసికి ఉత్తరం రాశాడు. గురువు దీక్ష ఇవ్వగలడు, పేరు పెట్టగలడు. ఇంట్లోకి రమ్మనాలంటే మాత్రం ఇల్లాలే రమ్మనాలి. ఆ తర్వాత నివేదిత బాగ్‌బజార్లో ఆడపిల్లల బడి పెట్టడం, 1899 ప్లేగులో వీధులూడ్పించడం, 1911లో నలభై మూడేళ్ళకే డార్జిలింగులో కన్నుమూయడం మీరెరిగినవే.

ఇక ఆపిల్ పండు సంగతి. ఆ పళ్ళెంలోని ముక్కలే నన్ను అసలు మనిషి దగ్గరికి తీసుకెళ్ళాయి.

శామ్యూల్ ఎవాన్స్ స్టోక్స్. 1882లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో, కలిగిన క్వేకరు కుటుంబంలో పుట్టాడు. క్వేకర్లంటే క్రైస్తవుల్లో ఆడంబరాలు గిట్టని ఒక శాఖ. తండ్రికి లిఫ్టులు తయారుచేసే కంపెనీ ఉంది. కొడుకు ఆ లిఫ్టులెక్కకుండా, 1904లో ఇరవై ఒకటో ఏట సిమ్లా కొండల్లోని సుబాథూలో కుష్ఠురోగుల ఆశ్రమానికి సేవ చేయడానికి వచ్చాడు. మరుసటేడు కాంగ్రా లోయలో ఘోరమైన భూకంపం వస్తే అక్కడ సాయానికి పోయాడు. కొన్నాళ్ళు ఫకీరులా కాషాయం కట్టి, ఏసుక్రీస్తులా బతకాలని కొండదారుల్లో తిరిగాడు. దీనబంధు ఆండ్రూస్‌తో కలిసి ఒక సోదర సంఘమూ నడిపాడు. ఇవన్నీ క్రైస్తవుడిగా చేసినవే. 1912లో ఆ కొండల్లోని క్రైస్తవ కుటుంబపు పిల్ల ఆగ్నెస్‌ని పెళ్ళాడి, కోట్‌గఢ్ దగ్గర పొలం కొనుక్కుని స్థిరపడ్డాడు.

ఆ పొలంలోనే ఆయన అమెరికా నుంచి మొక్కలు తెప్పించి, 1916 ప్రాంతంలో ఎర్రని డెలిషస్ ఆపిల్ నాటాడు. అంతకు ముందు ఇంగ్లీషు దొరలు కులూలో వేసిన ఆపిల్స్ ఉన్నాయి గానీ, అవి పులుపు రకాలు. మనవాళ్ళ నోటికి ఎక్కలేదు. 1921లో స్టోక్స్ తల్లి పసుప్పచ్చ రకం మొక్కల్ని క్రిస్మసు కానుకగా పంపింది. కొడుకు దేశం విడిచిపోయాడు, దొరల దుస్తులు విడిచాడు. అయినా తల్లి తల్లే గదా! స్టోక్స్ ఆ మొక్కలు తన తోటకే ఉంచుకోలేదు. చుట్టుపక్కల రైతులకి పంచాడు. హిమాచలంలో ఇవాళ కొండకొండకీ కనబడే ఆపిల్ తోటల కథ అక్కడ మొదలైంది.

ఆ రోజుల్లో సర్కారు అధికారి ఎవరైనా కొండెక్కితే, ఆయన సామాన్లు ఊళ్ళోవాళ్ళు మోయాలి. పొలంలో కోత ఉన్నా సరే, ఇంట్లో చావు ఉన్నా సరే, మోయాలి. దాన్ని బేగారు అనేవారు. మన వెట్టికి అన్నగారన్నమాట. స్టోక్స్ దాని మీద కొండవాళ్ళని కూడగట్టి పోరాడి, 1921లో ఆ ప్రాంతంలో దాని పీడ విరగడ చేశాడు. జలియన్‌వాలా బాగ్ తర్వాత కాంగ్రెసులో చేరాడు, ఖద్దరు కట్టాడు. 1921 డిసెంబరులో రాజద్రోహం నేరం మీద అరెస్టయి, లాహోరు జైల్లో ఆరు నెలల శిక్ష అనుభవించాడు. ఒక అమెరికన్ మన కోసం జైలుకెళ్ళాడని గాంధీగారు 'యంగ్ ఇండియా'లో రాశారు.

ఇన్ని చేసినా ఆయనింకా క్రైస్తవుడే. ఎనిమిదేళ్ళ కొడుకు తారా జబ్బు చేసి పోయాడు. ఆ పిల్లవాడి పేర 1924లో ఊరి పిల్లలకి బడి పెట్టాడు. ఉపనిషత్తులూ గీతా పట్టుకుని ఏళ్ళ తరబడి కూచున్నాడు. తన తాత్విక విచారమంతా 'సత్యకామ' అనే పుస్తకంగా రాసుకున్నాడు. చివరికి 1932లో ఆర్యసమాజ పద్ధతిలో హిందువయ్యాడు. శామ్యూల్ సత్యానందుడయ్యాడు, ఆగ్నెస్ ప్రియాదేవి అయింది. 1937లో థానేదార్‌లో పరంజ్యోతి మందిరం కట్టించి, గీత నుంచీ ఉపనిషత్తుల నుంచీ మంత్రాలు చెక్కమీద చెక్కించాడు. స్వాతంత్ర్యం వస్తుందనగా 1946 మే నెలలో కన్నుమూశాడు.

సంవత్సరాలు లెక్క కట్టండి. 1904లో వచ్చాడు, 1932లో మారాడు. మధ్యలో ఇరవయ్యెనిమిదేళ్ళు. ముందు వాళ్ళ కుష్ఠురోగులకి కట్లు కట్టాడు, వాళ్ళ పిల్లని చేసుకున్నాడు, వాళ్ళ మోత దింపాడు, వాళ్ళ మట్టిలో కొడుకుని పోగొట్టుకున్నాడు. మతం అన్నిటికంటె చివర వచ్చింది. ఏసుక్రీస్తు మీద గౌరవం అప్పుడూ పోలేదంటారు.

అయితే అందరి దారీ ఇదే కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానం నడిపిన రోనాల్డ్ నిక్సన్ అనే ఇంగ్లీషువాడు 1921లో లక్నో విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు చెప్పడానికి వచ్చాడు. ఆ విశ్వవిద్యాలయం వైస్‌ఛాన్సలరు గారి భార్య, పైకి పార్టీలిచ్చే నాగరిక స్త్రీ, లోపల గొప్ప కృష్ణభక్తురాలు. నిక్సన్ ఆవిడనే గురువుగా చేసుకుని, కృష్ణప్రేమ్ అనే వైష్ణవ సన్యాసి అయ్యాడు. అల్మోరా దగ్గర మీర్తోలాలో రాధాకృష్ణుల గుడి దగ్గర 1965లో పోయేదాకా ఉన్నాడు. మడీ ఆచారాల్లో మన ఛాందసులే ఆయన ముందు తలొంచుకోవాల్సి వచ్చేదట!

ఫ్రాన్సు నుంచి 1948లో వచ్చిన అన్రీ ల సో అనే క్రైస్తవ సన్యాసిది మరో దారి. తిరువణ్ణామలైలో రమణ మహర్షిని చూశాడు. అరుణాచలం గుహల్లో కూచున్నాడు. కావేరి ఒడ్డున శాంతివనం స్థాపించినవాళ్ళలో ఒకడయ్యాడు. కాషాయం కట్టి అభిషిక్తానందుడని పేరు పెట్టుకున్నాడు. కానీ క్రైస్తవ పూజ వదల్లేదు, సంఘమూ వదల్లేదు. ఆ రెంటి మధ్యా ఎంత నలిగిపోయాడో డైరీలో రాసుకున్నాడు. 1973లో పోయేదాకా అలాగే ఉన్నాడు. మా కోడలి బాధ ఎవరికైనా సరిగ్గా అర్థమయ్యేదంటే ఆయనకే.

గాంధీగారేమో అసలు మతం మార్చుకోవడాన్నే ప్రోత్సహించేవారు కాదు. క్రైస్తవుడు ఇంకా మంచి క్రైస్తవుడు కావాలనేవారు. కూతురిలా చూసుకున్న మీరాబెన్‌ని కూడా మతం మారమనలేదు.

ఇన్ని చదివినా, రిజిస్టరెక్కడన్న ప్రశ్న అలాగే ఉంది. ఆఖరికి దానికి జవాబు పురాణంలో కాదు, సుప్రీంకోర్టు తీర్పులో దొరికింది. చిత్తగించండి.

తమిళనాట ఒక హిందువు క్రైస్తవుల పిల్లని 1950లో హిందూ పద్ధతిలో పెళ్ళి చేసుకున్నాడు. పిల్లలు పుట్టారు. తర్వాత భార్యాభర్తలకి చెడింది. కొడుకు తరఫున తల్లి ఆస్తిలో వాటా అడిగింది. అప్పుడు ఆ భర్త కోర్టుకి ఏమని చెప్పాడనుకున్నారు? ఆవిడ హిందువే కాదు, శుద్ధీ గిద్దీ ఏమీ జరగలేదు, కనక ఆ పెళ్ళే చెల్లదన్నాడు! తాళి కట్టినప్పుడు లేని సందేహం, వాటా అడిగేసరికి వచ్చింది. 1970లో సుప్రీంకోర్టు ఆ మాట కొట్టిపారేసింది. ఊరికే నేను హిందువునంటే చాలదు. మనసులో నిజమైన ఉద్దేశం ఉండాలి, నడవడిలో అది స్పష్టంగా కనబడాలి. ఆ రెండూ ఉంటే శుద్ధి ప్రాయశ్చిత్తం లాంటి తంతు ఏదీ అవసరం లేదని తేల్చింది. కొడుక్కి వాటా దక్కింది.

తిరుమలలో అన్యమతస్థులు దర్శనానికి వెళ్ళాలంటే స్వామి మీద విశ్వాసముందని డిక్లరేషన్ ఇవ్వాలన్న నిబంధన మనందరికీ తెలిసిందే. అక్కడ ఒక సంతకం కావాలి. చట్టానికేమో నడవడి కావాలి. పూరీ జగన్నాథుడి గుళ్ళోకి పుట్టు హిందువులు కానివాళ్ళని చాలామందిని రానివ్వనే రానివ్వరు. కాబట్టి తలుపు ఒకటేనని ఎవరు చెప్పినా నమ్మకండి. ఒక్కో గుమ్మానికి ఒక్కో గడియ.

నాలుగు రోజులు గడువడిగినవాణ్ణి నెల చేశాను. ఒక ఆదివారం మధ్యాహ్నం, చర్చి నుంచి తిరిగొచ్చిన కోడల్ని పిలిచి ఇదంతా చెప్పాను. చెప్పడం అలవాటు గనక గంట పట్టింది. ఓపిగ్గా విని, "అయితే నేనిప్పుడు ఎవరినన్నమాట?" అంది.

"కోర్టువారి లెక్కన చూస్తే, నీ మనసులో ఏముందో దాన్ని బట్టి. అది నాకు కనబడదు. వ్రతం చేసినంత మాత్రాన నువ్వు హిందువైపోయావని నేననను. పాటలు పాడినంత మాత్రాన కాదనీ అనను. స్టోక్స్‌కి ఇరవయ్యెనిమిదేళ్ళు పట్టింది. నీకింకా మూడేళ్ళే. ఎవరు తొందరపెడుతున్నారు?"

"అత్తయ్యగారు" అంది చటుక్కున.

అదీ నిజమే. మా ఆవిడ మంచి మనిషే గానీ, పుట్టబోయే మనవడికి అక్షరాభ్యాసం ఏ గుళ్ళోనో ఇప్పుడే తేల్చేసుకుంది. ఆ రాత్రి ఆవిడతో మాట్లాడాను. నివేదిత కథ చెప్పాను, శారదాదేవి కలిసి తిన్న సంగతి చెప్పాను. అంతా విని, "ఆవిడ ముందు అన్నం పెట్టింది, తర్వాతేగా ఆయన దీక్ష ఇచ్చింది?" అంది. "అవును" అన్నాను. మరింకేమీ అనలేదు. వత్తులు చేసుకుంటూ కూచుంది.

డిసెంబరులో వియ్యపురాలు గుంటూరు నుంచి వచ్చారు. రెండు డబ్బాల్లో కేకు తెచ్చారు. ఒకదాని మీద కాగితం ముక్క అంటించి 'గుడ్డు లేనిది' అని రాసుంది. ఇదివరకు ఆవిడ ఎప్పుడొచ్చినా మా ఆవిడ హాల్లో టేబులు మీద వడ్డించేది. మర్యాద కోసమే అనుకునేవాణ్ణి. ఈసారి "లోపలికి రండి వదినగారూ, వేడివేడిగా తిందురుగాని" అని వంటింట్లోకే పిలిచింది. పీటలు రెండు వేసుకుని, ఇద్దరూ పక్కపక్కన కూచున్నారు. నా చిన్నప్పటి మాస్టారి గొడుగు ఎందుకో కళ్ళముందు కదిలి, నేను పేపరు అడ్డం పెట్టుకోవాల్సి వచ్చింది.

మా కోడలు ఇంతవరకూ ఏమీ తేల్చుకోలేదు. నేనూ అడగలేదు. ఈ శ్రావణంలో మళ్ళీ నా కుర్చీ వసారాలోకి పోయింది. పురోహితుడు గారు గోత్రం దగ్గర ఆగారు. మా ఆవిడ నోరు తెరిచేలోపల పక్కింటి పిన్నిగారు అందుకుని, మా గోత్రం ఋషుల పేర్లతో సహా తనే చెప్పేసి, "ఇక కానివ్వండి పంతులుగారూ, అవతల పులిహోర చల్లారిపోతోంది" అన్నారు.

ఈసారి లోపల అందరూ నవ్వారు. అందులో మా కోడలి నవ్వు నాకు విడిగా వినిపించింది.